కంటి కొలతకు లెన్స్ కుట్టించుకోవడం ఎలా?

రాత్రి ఎనిమిది దాటినాక తిరుపతిలో మేడెక్కి తిరుమల కొండవైపు చూడండి. గాలిగోపురం దగ్గర శంఖుచక్రాల నడుమ నామం వెలుగుతుంటుంది. ఒక కన్ను అరచేత్తో మూసుకుని రెండో కంటితో చూడండి, తర్వాత మార్చి చూడండి. మసకగా ఉన్నా నామం ఒక్కటే కనిపిస్తే అది మామూలు సైటు కావచ్చు, కళ్ళద్దాలతో తీరిపోతుంది. అట్లా కాకుండా ఒక నామం పక్కన ఇంకొకటి, దాని కింద మరొకటి నీడల్లాగా కనిపిస్తూ, వెలుగంతా తడిగోడ మీద సున్నం కారినట్టు కిందికి జారుతుంటే, అద్దాలు పెట్టుకున్నాక కూడా ఆ నీడలు పోకపోతే, కింద రాసేది మీకోసమే.

నాకు ఇంటర్ రెండో ఏడాదిలో ఆ నామం మూడైంది. ఆర్నెల్లకోసారి అద్దాలు మార్చాం. ఒక అంగడాయన సిలిండర్ పవర్ ఎక్కువుందని చెప్పి, డబ్బాలో వచ్చే మెత్తటి టోరిక్ లెన్సులు, అంటే ఆ సిలిండర్ పవర్ సరిచేసేవి, అంటగట్టాడు. రెప్ప వేసినప్పుడల్లా అవి కంట్లో పక్కకు తిరిగేవి. బోర్డు మీది అక్షరం ఒక క్షణం తేటగా, మరుక్షణం అలుక్కుపోయి కనిపించేది. మా అమ్మ తిరుపతి కొర్లగుంటలో జాకెట్లు కుడుతుంది. సంగతంతా విని, "రెడీమేడ్ జాకెట్టు అందురికీ పడతాదా? భుజం దిగినోళ్ళకి ఆది పెట్టుకోని కుట్టాల్సిందే" అనింది. చాన్నాళ్ళ తర్వాత ఒక ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టు, అంటే చూపు కొలిచి లెన్స్ అమర్చేవారు, ట్రయల్ లెన్సుల పెట్టె తెరిచినప్పుడు నాకు ఆమె గోడకు వేలాడే ఆది జాకెట్లే గుర్తొచ్చాయి. వంకర కంటికి లెన్స్ కొనుక్కునేది కాదు, కుట్టించుకునేది. కొలత, ఆది, మొదటి ఫిట్టింగు, విప్పి మళ్ళీ కుట్టడం, అన్నీ ఉంటాయి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే నాకు మూడేళ్ళు, బోలెడు డబ్బు మిగిలేవి.

ముందు కొలత

కంటి నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలాంటి పొర ఉంటుంది, అదే కార్నియా. మామూలు కంటిలో అది నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కొందరికి పదహారు, పద్దెనిమిదేళ్ళ వయసులో అది పల్చబడి, కొబ్బరికాయ ముచ్చికలాగా ముందుకు సాగుతుంది. దీన్ని కెరటోకోనస్ అంటారు. కళ్ళద్దం ఎంత మంచిదైనా కంటికి దూరంగా ఉండి ఒకే పవర్ ఇస్తుంది. గతుకుల కార్నియా మీద ఒక్కోచోట ఒక్కో పవర్ కావాలి. అందుకే అద్దాలు ఎన్ని మార్చినా నీడలు పోవు.

కెరటోకోనస్ ఒక్కటే కాదు. కార్నియా మార్పిడి చేయించుకున్నవాళ్ళు, లాసిక్ లేజర్ ఆపరేషన్ తర్వాత కార్నియా సాగినవాళ్ళు, గ్రానైట్ కటింగులోనో వెల్డింగులోనో ముక్క ఎగిరిపడి కంటి మీద మచ్చ మిగిలినవాళ్ళు, ఏదో మందు పడక స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వచ్చి కన్ను ఎండిపోయినవాళ్ళు, పుట్టుకతో శుక్లాలుండి ఆపరేషన్ అయిన పసిపిల్లలు, వీళ్ళందరికీ అంగట్లో డబ్బాలో దొరికే లెన్స్ సరిపడదు.

మీరు మొదట చేయించుకోవాల్సింది కార్నియల్ టోపోగ్రఫీ. గడ్డం ఆనించి కూర్చుంటే మిషను కంటి ఉపరితలాన్ని కొలిచి, రంగుల పటం ఇస్తుంది. నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు. ఇప్పటికే లెన్సులు వాడుతుంటే మాత్రం పరీక్షకు ముందు ఆపాలి. మెత్తటివైతే కనీసం ఒక వారం, గట్టివైతే రెండు మూడు వారాలు. ఎన్నాళ్ళు ఆపాలో ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోండి. ఆపకుండా పోతే మిషను కొలిచేది మీ కార్నియాను కాదు, లెన్స్ నొక్కిన కార్నియాను. ఇదెట్లాగంటే ఇస్త్రీ చేసిన గుడ్డను కొలిచి, ఉతికాక కురచైందని గొడవపడినట్టు.

రిపోర్టు చేతికొచ్చాక డాక్టరు దగ్గరే వదిలేసి రాకండి. మూడు అంకెలు మీరూ చూడండి. మొదటివి కే రీడింగులు, అంటే కార్నియా వంపు ఎంతో చెప్పేవి. మామూలు కార్నియాకు ఇవి 43, 44 డయాప్టర్ల దగ్గర ఉంటాయి. 48 దాటి పోతుంటే కార్నియా నిటారుగా లేచిందని అర్థం. రెండోది కేమ్యాక్స్, అంటే కార్నియా అన్నిటికంటే నిటారుగా ఉన్నచోట వంపు ఎంతో చెప్పేది. మూడోది మందం. నడి కార్నియా మామూలుగా 540 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, మిల్లీమీటరులో సగం కంటే ఒక రవ్వ ఎక్కువ. ఈ పటం ఫోటో తీసి ఫోనులో దాచుకోండి. ఆరునెలల తర్వాత తీయించిన పటం పక్కన పెట్టి చూస్తే తప్ప రోగం నడుస్తోందో ఆగిందో ఎవరూ చెప్పలేరు.

పెరుగుతున్న పిల్లకు జాకెట్టు కుట్టరు

కార్నియా ఇంకా సాగుతుంటే ఈరోజు తీసుకున్న కొలత వచ్చే ఏడాదికి పనికిరాదు. ముందు దాన్ని ఆపాలి. దానికి చేసేది సీ3ఆర్. కార్నియా మీద రైబోఫ్లేవిన్ చుక్కలు, అంటే బీ2 విటమినే, వేసి అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. కార్నియాలోని పోగులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి. మామూలు పద్ధతిలో చేయాలంటే కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి, అందుకే ఆలస్యం చేయకూడదు. సీ3ఆర్ చేయించుకుంటే అద్దాలు, లెన్సులు అక్కర్లేదని అనుకునేవాళ్ళు చాలామంది. అది సాగడాన్ని ఆపుతుంది, అంతే. చూపు తేటపడాలంటే ఆ తర్వాత అద్దాలో లెన్సో పెట్టాల్సిందే. ఎన్ని వారాల తర్వాత పెట్టాలన్నది డాక్టరు చెప్పాలి.

ఇంకొకటి, ఇది పైసా ఖర్చు లేని వైద్యం: కళ్ళు నులుముకోవడం మానేయండి. మన ఎండలకు, దుమ్ముకు పిల్లలకు కంటి అలర్జీ వస్తుంది, దురదకు పిడికిలితో గట్టిగా నలుపుకుంటారు. పల్చబడ్డ కార్నియాను అట్లా నలిపితే ఇంకా సాగుతుంది. దురదకు చుక్కలు రాయించుకోండి, తడిగుడ్డ చల్లగా మూసిన రెప్పల మీద వేసుకోండి. నిద్రలో నలుపుకునే అలవాటుంటే ఇంట్లోవాళ్ళకు చెప్పండి. మా అమ్మ నన్ను పట్టుకున్నప్పుడల్లా చేతి మీద స్కేలు పెట్టి కొట్టేది, ఇంజనీరింగ్ చదివే కొడుకునైనా సరే.

ఏ ఊరు పోవాలి

అద్దాల అంగట్లో ఈ పని కాదు. టోపోగ్రఫీ, కార్నియా డాక్టరు, కాంటాక్ట్ లెన్స్ ఫిట్టింగు చేసే ఆప్టోమెట్రిస్టు, మూడూ ఒకచోట ఉండే ఆసుపత్రి కావాలి. తిరుపతిలోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, మొదట అక్కడ చూపించుకుని రోగమేంటో తేల్చుకోవచ్చు. చిత్తూరు వాళ్ళకైతే తిరుపతి కంటే వేలూరు దగ్గర. అక్కడ సీఎంసీ వాళ్ళ షెల్ కంటి ఆసుపత్రి ఉంది. చెన్నైలో శంకర నేత్రాలయ, హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పెద్ద దిక్కు. ఎండిపోయిన కళ్ళకు, మామూలు లెన్స్ ఏదీ నిలవని కళ్ళకు పెట్టే ప్రోజ్ అనే పెద్ద లెన్స్ ఆ రెండుచోట్లా చేస్తారు.

ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి, కాంటాక్ట్ లెన్స్ విభాగం ఏ రోజుల్లో ఉంటుందో, చిన్న గట్టి లెన్సులు, స్క్లెరల్ అనే పెద్ద లెన్సులు రెండింటికీ ట్రయల్ సెట్లు ఉన్నాయో లేవో అడగండి. ఒకే రకం సెట్టు ఉన్నచోట మీ కంటికి అదే సరిపోతుందని చెప్పే ప్రమాదం ఉంది. ఇంకో మాట. మంచి ఫిట్టింగుకు కనీసం మూడు నాలుగు సార్లు తిరగాలి. పేరు గొప్పదని దూరం పోయి, రెండోసారి పోలేక లెన్సులు బీరువాలో పడేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరగలిగే ఊరు ఎంచుకోండి.

ఏ రకం గుడ్డ

మెత్తటి లెన్స్ కార్నియా మీద దుప్పటి లాంటిది. కింద గతుకులుంటే పైనా గతుకులే. వ్యాధి తొలిదశలో ఉన్నవాళ్ళకు మందంగా చేసే ప్రత్యేక మెత్తటి లెన్సులు పనిచేస్తాయి, మిగతావాళ్ళకు కష్టం.

గట్టి లెన్స్, అదే ఆర్‌జీపీ, వేరే కథ. దానిలోంచి ప్రాణవాయువు ఆడుతుంది, కానీ వంగదు. లెన్స్‌కూ కార్నియాకూ మధ్య కన్నీళ్ళు చేరి పల్లాలన్నీ నింపేస్తాయి. వెలుతురుకు ఎదురయ్యేది లెన్స్ నున్నటి ముఖమే కాబట్టి నామం మళ్ళీ ఒక్కటవుతుంది. వ్యాసం తొమ్మిది మిల్లీమీటర్ల దరిదాపుల్లో, అంటే కార్నియా కంటే చిన్నగా ఉంటుంది. కెరటోకోనస్ కోసమే న్యూజిలాండ్ ఆప్టోమెట్రిస్టు పాల్ రోజ్ రూపొందించిన రోజ్ కె అనే రకం మన ఆసుపత్రుల్లో బాగా వాడతారు. దాని నడిభాగం ముచ్చికకు తగ్గట్టు నిటారుగా, అంచులు చదునుగా ఉంటాయి. ఇది నిలబడితే దీనితోనే సరిపెట్టుకోండి, ఖర్చు తక్కువ, పెట్టుకోవడం తీయడం రెండు నిమిషాల పని. మొదటి రెండు మూడు వారాలు మాత్రం కంట్లో ఇసుక పడ్డట్టుంటుంది. అది లెన్స్ అంచు రెప్పకు తగలడం వల్ల. రోజుకు రెండు మూడు గంటలతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే రెప్ప మొద్దుబారి మర్చిపోతుంది. గట్టి లెన్స్ కింద మెత్తటి లెన్స్ వేసి, అంటే లోపల బనియన్ వేసినట్టు, పెట్టే పద్ధతి కూడా ఉంది. రెండేసి లెన్సుల సాకిరీ భరించగలిగితేనే దాని జోలికి పోండి.

ముచ్చిక మరీ పైకి లేస్తే చిన్న గట్టి లెన్స్ దాని మీద ఊగుతుంది, జారిపడుతుంది, మొన మీద రాపిడి పెడుతుంది. అప్పుడు స్క్లెరల్. ఇది పదిహేను మిల్లీమీటర్ల నుంచి పైకి ఉంటుంది. కార్నియాను ముట్టుకోకుండా, గుడారం లాగా దాని మీదుగా పోయి తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. లోపల సెలైన్ నింపి పెడతారు. లెన్స్‌కూ కార్నియాకూ మధ్య మిగలాల్సిన సందు 200, 300 మైక్రాన్లు, అంటే రెండు మూడు తెల్లకాగితాల మందం. అంత పెద్ద వస్తువు కంట్లో ఎట్లా అని భయపడతారు గానీ, తెల్లగుడ్డుకు కార్నియాకున్నంత సున్నితం ఉండదు, అంచు రెప్ప కిందికి పోతుంది, కాబట్టి చిన్న లెన్స్ కంటే ఇదే హాయిగా ఉంటుంది. నిజానికి ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1888లో అడాల్ఫ్ ఫిక్ అనే కంటి డాక్టరు వర్ణించిన తొలి కాంటాక్ట్ లెన్సులు ఇట్లాంటి పెద్ద గాజు డిప్పలే. గాజులోంచి గాలి ఆడక అవి గంటల లెక్కనే నిలిచేవి.

ఆది చూసే రోజు

ఈ రోజుకు సెలవు పెట్టుకోండి. తోడు ఒకరిని తీసుకుపోండి, కంట్లో వేసే చుక్కల వల్ల తిరుగు ప్రయాణంలో కళ్ళు మసకగా ఉండొచ్చు.

ఆప్టోమెట్రిస్టు మీ పటం చూసి పెట్టెలోంచి ఒక ట్రయల్ లెన్స్ తీస్తారు. దాని మీద లెన్స్ లోపలివంపు చెప్పే బేస్ కర్వ్ అనే అంకె ఉంటుంది, మిల్లీమీటర్లలో. మామూలు కంటికి 7.80 లాంటిది పడుతుంది. నా కుడి కంటిది 6.60. అంకె తగ్గేకొద్దీ లెన్స్ లోతు పెరుగుతుంది. ఈ పెట్టెలో ఒక లెన్స్‌కూ దాని పక్కదానికీ తేడా మిల్లీమీటరులో పదోవంతు, ఒక్కోసారి అందులో సగం. అంటే వెంట్రుక మందం. మా అమ్మ చంక దగ్గర ఒక కుట్టు లోపలికి వేస్తే జాకెట్టు పట్టేస్తుందే, అంతకంటే సన్న లెక్క.

లెన్స్ పెట్టాక ఇరవై నిమిషాలో అరగంటో బయట కూర్చోబెడతారు. స్క్లెరల్‌కు ఇంకా ఎక్కువ. విసుక్కోకండి. ఏడుపు ఆగి, లెన్స్ తన చోట కూర్చున్న తర్వాతే దాని అసలు నడత తెలుస్తుంది. ఆ తర్వాత ఫ్లోరెసిన్ అనే నారింజరంగు అద్దిన కాగితం అంచు తడిపి కంటికి తాకిస్తారు. నీలి వెలుగులో చూస్తే కన్నీళ్ళు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది, లెన్స్ ఎక్కడ తగిలితే అక్కడ నల్లగా ఉంటుంది. గట్టి లెన్స్ కింద ముచ్చిక మొన దగ్గర పిసరంత నలుపు, మిగతా బరువంతా చుట్టుపక్కల పంచుకున్నట్టుంటే మంచిది. నడుమ పెద్ద నల్ల మచ్చ కనిపిస్తే లెన్స్ మొనను నొక్కుతోందని. చాలాచోట్ల కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌కు కెమెరా ఉంటుంది, తెర మీద నాకూ చూపించమని అడగండి. చూపిస్తారు. ఒకసారి చూస్తే మీ కంటి కథ ఇక మర్చిపోరు.

ఇప్పుడు మీ వంతు. చాలామంది చేసే తప్పు, "ఎట్లుంది?" అని అడిగితే "బాగుంది సార్" అనేసి లేచిపోవడం. డాక్టరుకు ఎదురుచెప్పినట్టవుతుందని మొహమాటం. నేను మొదటిసారి అట్లనే అన్నాను, నెల తర్వాత ఎడమ కంటి లెన్స్ పాకాల రైల్వేస్టేషన్లో జారిపడింది. ఈ ట్రయల్లో మీ నోరే కొలత టేపు. చూపుడువేలితో చూపించి చెప్పండి: ముక్కువైపు అంచు గుచ్చుకుంటోందా, పైకి చూస్తే లెన్స్ జారుతోందా, అక్షరానికి నీడ ఇంకా ఉందా, ఉంటే ఏ వైపు. లేచి కారిడార్లో నడవండి, మెట్లు దిగండి, ఫోను చదవండి, ఫ్యాను కింద కూర్చోండి. మీ పని ఏమిటో కూడా చెప్పండి. రోజంతా కంప్యూటరు ముందుండే అమ్మాయికి, రేణిగుంట రోడ్డులో లారీల వెనక బండి నడిపే పిల్లోడికి ఒకే లెన్స్ ఇవ్వరు.

ఆది కుదిరాక దాని మీదే పవర్ చూసి ఆర్డరు పెడతారు. లెన్స్ మీ పేరు మీద లేబొరేటరీలో కోసి వస్తుంది, ఒకటి రెండు వారాలో, ఇంకా ఎక్కువో పట్టొచ్చు.

డబ్బు కట్టే ముందు

గట్టి లెన్సుల ధర వేలల్లో, స్క్లెరల్ ధర పదుల వేలల్లో ఉంటుంది, కన్నుకింత అని. డబ్బు కట్టక ముందే నాలుగు సంగతులు అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఫిట్టింగు ఫీజు లెన్స్ ధరలో కలిసిందా, వేరేనా? సరిగ్గా కూర్చోకపోతే ఎన్నిసార్లు మార్చి ఇస్తారు, ఎన్ని రోజుల్లోపల? పగిలినా పోయినా రెండోదానికి పూర్తి ధరా? కుడి ఎడమలకు వేరువేరు రంగు ఛాయ వేసి ఇస్తారా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది గానీ, పొద్దున ఐదింటికి కరెంటు లేనప్పుడు దాని విలువ తెలుస్తుంది. బేస్ కర్వ్, వ్యాసం, పవర్, లెన్స్ పేరు, ఈ నాలుగూ ఉన్న కార్డు తప్పకుండా తీసుకోండి. అది మీ కాగితం, దాని మీద మీకు హక్కుంది.

పెట్టుకోవడం, తీయడం

ఆసుపత్రిలో నేర్పిస్తారు. మీ చేత్తో మీరు మూడుసార్లు పెట్టి తీసేదాకా అక్కడినుంచి కదలకండి.

ఇంట్లో వాష్ బేసిన్ ముందు నిలబడి చేయకండి. రంధ్రంలో పడితే వేల రూపాయలు కాలువ పాలు. మంచం మీదో బల్ల మీదో తెల్ల తువ్వాలు పరిచి, దాని ముందు కూర్చోండి. గోళ్ళు కత్తిరించుకోండి. నూనె, క్రీము వాసన లేని సబ్బుతో చేతులు కడిగి, పోగులు రాలని గుడ్డతో పూర్తిగా ఆరబెట్టండి. ఎప్పుడూ కుడి కంటితోనే మొదలుపెట్టండి.

స్క్లెరల్ అయితే ఇట్లా. ప్లంజర్ అనే రబ్బరు గిన్నె మీద లెన్స్‌ను ప్రమిదలాగా నిలబెట్టి, ప్రిజర్వేటివ్, అంటే పాడవకుండా కలిపే మందు, లేని సెలైన్ అంచు పైకి ఉబ్బేదాకా నింపండి. తల నేలకు సమాంతరంగా వంచండి, గడ్డం ఛాతీకి ఆననివ్వండి. వంచింది చాలలేదని చాలామందికి తెలియదు, అక్కడే పొరపాటు జరుగుతుంది. ముక్కు మొన నేలను చూస్తుండాలి. ఒక చేతి రెండు వేళ్ళతో పైరెప్ప, కిందిరెప్ప విడదీసి పట్టుకుని, ప్లంజర్ నడిరంధ్రంలోకి సూటిగా చూస్తూ లెన్స్‌ను పైకి తీసుకురండి. సెలైన్ చల్లగా తాకుతుంది. ఆ చల్లదనానికి రెప్ప మూసుకుపోతుంది, మీరు మూయనివ్వకూడదు. ఇంకొక్క పిసరు నొక్కి, కిందిరెప్ప వదిలి, తర్వాత పైరెప్ప వదిలి, ప్లంజర్ తీసేయండి. కొంత నీరు తువ్వాలు మీద ఒలుకుతుంది, ఒలకాలి కూడా. ఒలకలేదంటే లోపల గాలి ఉన్నట్టే.

అద్దంలో చూడండి. కంటి మీద పాదరసం బిందువు లాంటి బుడగ కనిపిస్తే తీసి మళ్ళీ పెట్టాల్సిందే, సర్దుకుంటుందిలే అనుకోవద్దు. బుడగ ఉన్నచోట కార్నియా ఎండిపోతుంది. నాకు మొదటి వారం ఒక్కో కంటికి అరగంట పట్టేది. ఇప్పుడు కాఫీ పొంగేలోపు రెండూ అయిపోతాయి.

తీసేటప్పుడు చిన్న ప్లంజర్ వాడతారు. దాన్ని సెలైన్‌తో తడిపి లెన్స్ నడిమధ్యలో అంటించి లాగకండి. నడుమ పట్టు బిగుసుకుని ఉంటుంది, కార్నియా మార్పిడి అయినవాళ్ళకు అది ప్రమాదం. అంచుకు దగ్గరగా, కిందిభాగంలో అంటించి, అంచును మొదట పైకి లేపండి. పట్టు వదిలిన చప్పుడు చిన్నగా వినిపిస్తుంది, అప్పుడు లెన్స్ దానంతటదే వచ్చేస్తుంది. రాకపోతే కంట్లో రెండు చుక్కలు సెలైన్ వేసి, రెప్ప మీదనుంచి కిందిఅంచు పక్కన మెల్లగా నొక్కి చూడండి. చిన్న గట్టి లెన్సుకైతే కన్ను పెద్దగా తెరిచి, రెప్పల బయటిమూలను చెవివైపు లాగి, గట్టిగా రెప్పవేస్తే అరచేతిలో పడుతుంది. పడినట్టు కనిపించలేదని ఊరికే కంట్లో తడుముకోకండి. ముందు అద్దంలో ఉందో లేదో చూసుకోండి. లేని లెన్స్ కోసం నేనొకసారి కార్నియానే ప్లంజర్‌తో పట్టుకున్నాను. ఆ రాత్రి నిద్ర లేదు.

నీళ్ళు

దీని మీద బేరం లేదు: కొళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, క్యాన్ నీళ్ళు, తీర్థం, ఉమ్ము, ఏదీ లెన్స్‌కు తగలకూడదు. కాచిన నీళ్ళు కూడా వద్దు. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది కార్నియాలో చేరితే నెలల తరబడి వైద్యం, ఒక్కోసారి కన్నే పోతుంది. లెన్స్ డబ్బాను కూడా నీళ్ళతో కడగకండి. పాత ద్రావణం పారబోసి, కొత్తదానితో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. డబ్బా మూడు నెలలకొకటి మార్చండి.

స్క్లెరల్ లోపల నింపేదానికీ, రాత్రి నానబెట్టేదానికీ తేడా ఉంది. నానబెట్టే మల్టీపర్పస్ ద్రావణంలో క్రిములను చంపే మందు ఉంటుంది. దాన్ని లెన్స్‌లో నింపితే ఆ మందు పది గంటలు మీ కార్నియాతోనే కూర్చుంటుంది. నింపడానికి ప్రిజర్వేటివ్ లేని సెలైనే, ఒకసారి వాడి పారేసే చిన్న గొట్టాలైతే మరీ మంచిది. ఏది వాడాలో ఫిట్టింగు చేసినవాళ్ళే రాసివ్వాలి, మందుల అంగడివాడు కాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం ఇస్తే దాని సొంత డబ్బాలోనే ఆరు గంటలు ఉంచాలి. తొందరపడి తీసి పెట్టుకుంటే కన్ను భగ్గుమంటుంది.

మన ఊళ్ళో నెగ్గుకు రావడం

మే నెలలో గంగమ్మ జాతర. వేషం కట్టేటట్టయితే ఆ రోజు లెన్స్ జోలికి పోకండి. నామంకొమ్ము, బొగ్గు, కుంకుమ, గంధం, ఏ వేషానికి ఏది పూసినా చెమటకు కారి కంట్లోకే దిగుతుంది, లెన్స్ కింద చేరితే కడుక్కోవడానికి కూడా వీలుండదు. పాత అద్దాలు పెట్టుకుని, మసకగానే అమ్మను చూసుకోండి.

కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేటప్పుడు తలంతా తడిపి గొరుగుతారు, తర్వాత స్నానం. అదంతా అయ్యాక, చేతులు ఆరాకే లెన్స్ పెట్టుకోండి. పుష్కరిణిలో మునిగేటప్పుడూ అంతే. దర్శనం కంపార్టుమెంట్లలో గంటలు గంటలు కూర్చోవాల్సి రావచ్చు. స్క్లెరల్ లోపల కొన్ని గంటలకు పొగమంచు కమ్మినట్టవడం చాలామందికి ఉంటుంది, తీసి కొత్త సెలైన్ నింపితే పోతుంది. అందుకని చిన్న సంచిలో రెండు సెలైన్ గొట్టాలు, ప్లంజర్, ఖాళీ డబ్బా, పాత అద్దాలు ఉంచుకోండి. బండి మీద హెల్మెట్ అద్దం దించుకునే నడపండి. లెన్స్‌తో మాత్రం నిద్రపోకండి, మధ్యాహ్నం కునుకైనా సరే.

కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా, నిన్నటికంటే చూపు తగ్గినా ముందు లెన్స్ తీసేయండి. తీసిన గంటలో తగ్గకపోతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోండి, ఆదివారమైనా, పండగైనా. లెన్స్‌ను డబ్బాతో సహా తీసుకుపోండి, అవసరమైతే దాన్ని కూడా పరీక్ష చేస్తారు. మందుల అంగట్లో "ఎర్ర కంటికి చుక్కలు" అని అడిగితే స్టెరాయిడ్ కలిసినవి చేతిలో పెట్టొచ్చు. ఎర్రదనం పోతుంది, లోపల పుండు పెరుగుతుంది.

గట్టి లెన్సైనా, స్క్లెరలైనా దాదాపు ఏడాది, రెండేళ్ళు వస్తుంది. గీతలు పడినా, రాత్రి దీపాల చుట్టూ మళ్ళీ తోకలు మొదలైనా ఆర్నెల్లకు చూపించుకునే రోజు దాకా ఆగకండి. కొత్త జత చేయించుకునేటప్పుడు పాత జతను, ఆ కార్డును సంచిలో వేసుకుని పోండి. మా అమ్మ దగ్గర పాత జాకెట్టు తెచ్చినవాళ్ళకే కొత్తది మొదటిసారికే కుదురుతుంది; ఎక్కడ పట్టిందో, ఎక్కడ వదులైందో గుడ్డ మీదే కనిపిస్తుంది కాబట్టి.